ఈనిన చేనుకి యూరియా

167.6 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల ఆరంగుళాలు. మన ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలకి సాధారణంగా ఉండాల్సిన కనీస ఎత్తు ఇది. ఆడపిల్లలకైతే 152.5. 2022 నవంబరులో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ పడింది. అవనిగడ్డ, గుడివాడ, బందరు వైపు పోలీసు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళలో ఈ అంకె తెలియనివాళ్ళు ఉండరు. సాధన చేస్తే పరుగు మెరుగవుతుంది, కూర్చుని చదివితే పరీక్ష గట్టెక్కుతుంది. ఎత్తు మాత్రం మన మాట వినదు. రెండు సెంటీమీటర్లు తక్కువైన కుర్రాడికి సరిగ్గా అక్కడే 'హైట్ ఇంజెక్షన్' అన్న మాట చెవిన పడుతుంది.

ఇంజెక్షన్ కంటే ముందు వేలాడే కడ్డీ సంగతి చూద్దాం. రోజూ కడ్డీకి వేలాడితే పొడుగవుతామన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. వెన్నుపూసల మధ్య చిన్న దిళ్ళలాంటి డిస్కులుంటాయి. పగలంతా ఒంటి బరువుకి అవి అణుగుతాయి, రాత్రి పడుకుంటే మళ్ళీ నీరు పట్టి ఉబ్బుతాయి. అందుకే ఎవరైనా పొద్దున లేవగానే సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పొడుగుంటారు. వేలాడినప్పుడూ జరిగేది ఇదే. కొలిచినవాడికి తేడా నిజంగానే కనిపిస్తుంది, కొద్ది గంటల్లో పోతుంది.

ఇక హార్మోను. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. గ్రోత్ హార్మోను అక్కడినుంచి ధారగా కాక దఫదఫాలుగా వస్తుంది, రాత్రి తొలి గాఢనిద్రలో ఎక్కువగా వస్తుంది. అది కాలేయానికి చేరి ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని పుట్టిస్తుంది. రెండూ కలిసి పొడవాటి ఎముకల చివర ఉండే మృదులాస్థి పలకలను పెంచుతాయి. ఆ పలకలు తెరిచి ఉన్నంతకాలమే ఎత్తు పెరుగుతుంది. ఆడపిల్లలకి సుమారు 14-16 ఏళ్ళకి, మగపిల్లలకి 16-18 ఏళ్ళకి అవి ఎముకగా మారి మూసుకుపోతాయి.

డెల్టా రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పిలకల దశలో, చిరుపొట్ట దశలో వేసిన యూరియా పైరుకి అందుతుంది. ఈనిన చేలో బస్తాలకొద్దీ చల్లినా దుబ్బు జానెడు ఎదగదు, తెగుళ్ళకే దారి ఇచ్చినట్టవుతుంది. పలకలు మూసుకున్న ఒంట్లోకి హార్మోను ఎక్కిస్తే అంతే. ఒళ్ళు నీరు పడుతుంది, కీళ్ళు నొప్పి పుడతాయి, చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది కాబట్టి షుగరు పెరుగుతుంది. మోతాదు మించి ఏళ్ళ తరబడి సాగితే దవడ, చేతులు, పాదాలు లావెక్కుతాయి. ఎత్తు మాత్రం పెరగదు.

జిమ్ముల్లో, వయసు మళ్ళినవాళ్ళలో ఇంకో నమ్మకం ఉంది: ఈ మందు కండ పెంచుతుంది, ముసలితనాన్ని ఆపుతుంది అని. దీనికి మూలం 1990లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. అరవై దాటిన పన్నెండుమంది మగవాళ్ళకి ఆరు నెలలు ఇంజెక్షన్లిచ్చారు. కొవ్వు తగ్గింది, కొవ్వు కాని బరువు పెరిగింది. ఆ పెరిగిన బరువులో చాలావరకు నీరేననీ, దానితో బలం పెరగడంలేదనీ తరవాతి పరిశోధనల్లో తేలింది. వ్యాపారం ఆ మొదటి వార్తనే పట్టుకుని ఇప్పటికీ నడుస్తోంది. పొడులు, మాత్రలు, నాలుక కింద కొట్టుకునే స్ప్రేలు మరీ అన్యాయం. గ్రోత్ హార్మోను 191 అమైనో ఆమ్లాల ప్రోటీను. మింగితే పెసరపప్పులాగే అరిగిపోతుంది. షుగరు ఉన్నవాళ్ళు ఇన్సులిన్‌ని మింగకుండా పొడిపించుకునేది ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, ఇక్కడా కారణం అదే.

బ్రాయిలర్ కోడికి హార్మోను పొడుస్తారన్న మాటకీ ఈ తర్కమే జవాబు. మేతలో కలిపితే అరిగిపోతుంది. రోజూ వేల కోళ్ళని పట్టుకుని పొడవడం ఏ రైతుకీ గిట్టుబాటు కాదు. నలభై రోజుల్లో రెండు కిలోలు తూగడం దశాబ్దాలపాటు జాతిని ఎంపిక చేసుకుంటూ రావడంవల్ల, మేతవల్ల వచ్చింది. దూడ చనిపోయిన గేదె చేపడానికి వేసే ఇంజెక్షన్ అసలు ఎదుగుదల హార్మోనే కాదు, ఆక్సిటోసిన్. అది పాలలో కలిసినా కడుపులో అరిగిపోతుంది. కానీ గేదెకి అది హింస. పాలకోసం అలా ఇంజెక్షన్ పొడవడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పన్నెండో సెక్షను నేరమంది.

నాకు బాధ కలిగించేది మరొకటి. అక్కర్లేని ఇరవై ఏళ్ళ కుర్రాడు ఈ మందుకోసం వెతుక్కుంటాడు. నిజంగా అవసరమైన ఆరేళ్ళ పిల్లకి ఎవరూ ఇప్పించరు. "వాళ్ళ నాయనమ్మ పోలిక, వయసొస్తే అదే సాగుతుందిలే" అంటారు. పోలిక కావచ్చు. థైరాయిడ్ లోపం కావచ్చు, రక్తహీనత కావచ్చు, ఆడపిల్లలో టర్నర్ సిండ్రోమ్ కావచ్చు, హార్మోను లోపమూ కావచ్చు. చూపించకుండా తెలియదు.

హార్మోను లోపం ఉన్న పిల్లలకి ఈ మందు వరం. 1958లో మొదటిసారి వాడినప్పుడు దాన్ని చనిపోయినవారి పిట్యూటరీ గ్రంథులనుంచి తీసేవారు. దానిద్వారా కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు సోకడంతో 1985లో అమెరికాలో ఆపేశారు. అదే ఏడాది ప్రయోగశాలలో బ్యాక్టీరియాతో చేయించిన హార్మోనుకి అనుమతి వచ్చింది. ఇప్పుడు దొరికేది ప్రయోగశాల పద్ధతిలో చేసినదే. ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీకి చిన్నప్పుడు ఈ లోపం ఉంది, ఇంజెక్షన్లు తీసుకున్నాడు. చివరికి అతని ఎత్తు 170 సెంటీమీటర్లు. సకాలంలో వేసినా మందు చేసేది ఇంతే, అందరిలాంటి ఎత్తుకి చేరుస్తుంది.

ఖర్చు భారీది, నిజమే. పరీక్షల్లో రుజువైన లోపం 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం జాబితాలో ఉంది. ఆ విధానం కింద సాయం అందించే కేంద్రాల్లో మనకి దగ్గరిది హైదరాబాదు నిమ్స్. అంతదాకా వెళ్ళేముందు పిల్లల డాక్టరు ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూస్తారు.

ఆ డాక్టరుకన్నా ముందు పని ఇంట్లోనే మొదలవుతుంది. నాలుగేళ్ళు దాటి, ఇంకా పెద్దమనిషి కాని వయసు బిడ్డ ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్లు ఎదగాలి. నాలుగుకి తగ్గితే చూపించాలి. చెప్పులు విప్పించి, మడమలు, వీపు గోడకి ఆనించి, తలమీద అట్ట చదునుగా పెట్టి పెన్సిలుతో గీత గీయండి. పక్కన తేదీ వేయండి. ఆరు నెలలకి మళ్ళీ అదే గోడ దగ్గర, అదే పూట.