రుణమాఫీ లెక్కలు తీస్తే ఏం బయటపడింది?

కూలి చేసుకునేవాడు సర్కారుకు పన్నేం కడతాడని పట్నం పెద్దమనుషులు అంటుంటారు. శుద్ధ అబద్ధం. సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా, కాలికి చెప్పులు కొన్నా పన్ను కట్టే కొంటున్నాం. ఆ సొమ్ము ఎటుపోయిందని అడిగే హక్కు మనకుంది. కాకపోతే ఖజానా చిట్టాలు తిరగేస్తామంటే మనల్ని గడప తొక్కనివ్వరు. ఆ పనికి రాజ్యాంగం ఒక అధికారిని పెట్టింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అంటారు, పొట్టిగా ‘కాగ్’.

ఈయన్ని రాష్ట్రపతి నియమిస్తారు. అంటే అసలు ఎంపిక ఢిల్లీ సర్కారుదే. ఎవరి లెక్క చూడాలో వాళ్ళే చూసేవాణ్ణి ఎంచుకోవడం ఏం న్యాయమో! అయితే ఒకసారి కూర్చున్నాక దించడం తేలిక కాదు. సుప్రీంకోర్టు జడ్జీని తీసేసినట్టే ఉభయసభలూ తీర్మానించాలి. దిగిపోయాక ఇంకో సర్కారీ కొలువు ఇవ్వకూడదు. ఈయన నివేదిక 151వ అధికరణం ప్రకారం చట్టసభ ముందుకు రావాలి.

దీనివల్ల మనకు ఒరిగిందేమిటి? ఒక్క సంగతి చూద్దాం.

2008 బడ్జెట్‌లో కేంద్రం రైతుల రుణమాఫీ ప్రకటించింది. రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్నవాళ్ళకు బాకీ పూర్తిగా రద్దు. అంతకు పైబడినవాళ్ళకు మిగతాది కడితే నాలుగోవంతు తగ్గింపు. మొత్తం దాదాపు 52 వేల కోట్ల రూపాయలు. కాగ్ మనుషులు 25 రాష్ట్రాల్లో 92 జిల్లాలు తిరిగి, 715 బ్యాంకు శాఖల్లో 90,576 ఖాతాలు విప్పి చూశారు. నూటికి 22 ఖాతాల్లో ఏదో ఒక తప్పు. మాఫీ పొందిన ఖాతాల్లో నూటికి ఎనిమిదిన్నర అర్హత లేనివాళ్ళవి. ఇంకోపక్క, మాఫీ దక్కని 9,334 ఖాతాలు చూస్తే వాటిలో 1,257 అన్నివిధాలా అర్హులవే! బ్యాంకువాళ్ళు జాబితాలో పేరు ఎక్కించలేదు, అంతే. ఆ రైతుకు ఆ సంగతి ఎవరు చెబుతారు? 2,824 చోట్ల రికార్డులు దిద్దినట్టు, కొట్టివేతలు పెట్టినట్టు కనపడింది. బాకీ తీరిందన్న సర్టిఫికెట్టు చూసినవాళ్ళలో మూడోవంతు మందికి ఇచ్చినట్టు ఆధారమే లేదు.

అన్నిటికంటే ఘోరం ఇంకోటుంది. ఒక ప్రైవేటు బ్యాంకు మైక్రోఫైనాన్స్ కంపెనీలకిచ్చిన అప్పును రైతు బాకీ కింద చూపించి సర్కారు నుంచి 164 కోట్లు పైన రాబట్టుకుంది. ఆ కంపెనీల వసూళ్ళ తీరు మన ఆడవాళ్ళకు కొత్తగా చెప్పాలా? ఆ ఆగడాలు పట్టలేకనే 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

ఇదంతా పార్లమెంటు ముందుకొచ్చింది 2013 మార్చిలో. ప్రకటించిన అయిదేళ్ళకు! నివేదిక ఎన్నాళ్ళలోపు సభలో పెట్టాలో రాజ్యాంగంలో గడువు రాయలేదు. ఆ సందు పాలకులకు బాగా అక్కరకొస్తుంది. పైగా కాగ్ తప్పు చూపించగలడు గాని, ఎవర్నీ శిక్షించలేడు, ఒక్క రూపాయి కక్కించలేడు. ఆ తర్వాతి పని ప్రజా పద్దుల సంఘానిది. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7గురు. 1967 నుంచీ దానికి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. అధికారుల్ని పిలిపించి నిలదీస్తారు. వాళ్ళ సిఫార్సుమీద చర్య తీసుకునేది మళ్ళీ ఆ సర్కారే.

ఇంకో లోటు ఆడిటర్లది కాదు, పథకానిది. చిట్టాలో ఉన్న పేరునే వాళ్ళు చూడగలరు. షావుకారు దగ్గర అప్పు చేసిన కౌలుదారు పేరు ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేదు. అతని బాకీ ఆ 52 వేల కోట్ల లెక్కలోకే రాలేదు.

ఊళ్ళోవాళ్ళే లెక్క తీసే దారి 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌తో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలీల ఇళ్ళకెళ్ళి, ‘ఎన్ని రోజులు పని చేశావమ్మా, చేతికెంత వచ్చింది?’ అని అడిగి మస్టరుతో పోల్చి, నలుగురిలో చదివి వినిపించేవారు. కాగ్‌తో సంప్రదించి కేంద్రం ఇలాంటి తనిఖీలకు నిబంధనలు రాసింది 2011లో.