కణితికి దారి చూపి.. బయటికి రప్పించి!

మెదడులో కణితి. ఆపరేషన్ చేసి తీసేశారు. రేడియేషన్ ఇచ్చారు, కీమోథెరపీ కూడా అయింది. అయినా కొన్ని నెలలకే మళ్లీ వచ్చింది! గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ తీరే అంత. అన్ని చికిత్సలూ చేయించుకున్నా సగం మంది రోగులు ఏడాదిన్నర కూడా బతకడం కష్టం. ఈ మొండి జబ్బును ఎదుర్కొనేందుకు ఎవరూ తొక్కని దారిని ఎంచుకున్నారు ఉస్మానియాలో చదివిన శాస్త్రవేత్త రవి బెల్లంకొండ. ఆయన నమ్ముకున్నది కత్తిని కాదు.. సన్నని పాలిమర్ పోగుల్ని!

పాలిమర్ అంటే మనకు వెంటనే ప్లాస్టిక్ సంచులే గుర్తొస్తాయి. కానీ ఆపరేషన్ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే కుట్లూ పాలిమర్లే. ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులకు హార్మోన్లను అదుపు చేయడానికి నెలకోసారి ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లలో మందును రోజూ కొంచెం కొంచెంగా వదిలేది కూడా పాలిమర్ గుళికలే. శరీరంతో ఇలా కలిసిపోయే పదార్థాలనే బయోమెటీరియల్స్ అంటారు.

తెగిన నరానికి వంతెన

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివిన రవి, అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1994లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఎంఐటీలో పరిశోధన, కేస్ వెస్టర్న్ రిజర్వ్‌లో అధ్యాపకత్వం తర్వాత 2003లో జార్జియా టెక్‌కు చేరారు.

అక్కడ ఆయన బృందం పట్టించుకున్న సమస్యల్లో ఒకటి తెగిన నరం. ప్రమాదంలో చేతి నరం తెగి మధ్యలో ఖాళీ ఎక్కువగా ఉంటే అది తనంతట తాను కలవదు. రోగి కాలి నుంచే ఇంకో నరం తీసి అతకాల్సి వస్తుంది. ఒకచోట బాగు చేయడానికి మరోచోట గాయం! దీనికి ప్రత్యామ్నాయంగా పాలిమర్ పోగులతో పలుచని పొరలు తయారుచేశారు. పోగులు చిందరవందరగా ఉన్న పొర పెద్దగా ఫలితమివ్వలేదు. సిరిసిల్ల మగ్గం మీద పడుగు పోగుల్లా వరుసగా పేర్చినప్పుడు మాత్రం నరం వాటి వెంబడే పెరిగింది. ఎలుకల్లో 17 మిల్లీమీటర్ల ఖాళీని దాటేసింది. 2008లో వెలువడిన ఈ ఫలితం ఒక సంగతి తేల్చింది. కణానికి సరైన దారి చూపిస్తే చాలు, అది నడుస్తుంది!

బొగ్గు టబ్బుల్లాగే..

మరి క్యాన్సర్ కణం కూడా అలా నడుస్తుందా? గ్లయోబ్లాస్టోమా కణాలు మెదడులోని నరాల పోగుల్నీ, రక్తనాళాల్నీ పట్టుకునే పాకుతాయి. అందుకే సర్జన్ కణితిని తీసేసినా, అప్పటికే దూరం వెళ్లిపోయిన కణాలు మిగిలిపోతాయి. ఆ పాకే గుణాన్నే వాటికి ఉచ్చుగా మార్చాలన్నది ఈ బృందం ఆలోచన.

నస్పూర్, శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసినవారికి ఈ కిటుకు ఇట్టే అర్థమవుతుంది. భూమి లోపలి బొగ్గును టబ్బులకెత్తి, పట్టాల మీద పైకి లాగినట్టే ఇదీ. ఇక్కడ పట్టాలు వెంట్రుక కంటే సన్నని పాలిమర్ పోగులు. ఓ చిన్న గొట్టంలో పోగుల పొరను అమర్చి, ఒక కొసను కణితి దగ్గర ఉంచుతారు. రెండో కొస మెదడు బయట ఉన్న జెల్‌లోకి తెరుచుకుంటుంది. ఆ జెల్‌లో క్యాన్సర్ కణాల్ని చంపే మందు ఉంటుంది. మామూలుగా మందును కణితి దగ్గరికి పంపుతారు. ఇక్కడ కణితే మందు దగ్గరికి వస్తుంది!

మనుషుల గ్లయోబ్లాస్టోమా కణాల్ని ఎలుకల మెదడులో పెట్టి ఈ పద్ధతిని పరీక్షించారు. కణాలు పోగుల వెంట బయటికి పాకాయి. మెదడులోని కణితి, ఈ పోగులు అమర్చని ఎలుకలతో పోలిస్తే బాగా చిన్నదైంది. 2014లో నేచర్ మెటీరియల్స్ పత్రిక ఈ ఫలితాల్ని ప్రచురించింది.

ఇంకా మిగిలిన మెట్లు

ఎలుకలో పనిచేసిందల్లా మనిషిలోనూ పనిచేయాలని లేదు. మనిషి మెదడు పెద్దది. కణాలు ప్రయాణించాల్సిన దూరమూ ఎక్కువే. ‘ట్యూమర్ మోనోరైల్’గా పేరుపడ్డ ఈ పరికరానికి 2019లో అమెరికా ఎఫ్‌డీఏ ‘బ్రేక్‌త్రూ’ హోదా ఇచ్చింది. అంటే పరిశీలన త్వరగా సాగేలా చూస్తారన్నమాట. అంతేగానీ రోగులకు వాడేందుకు అది అనుమతి కాదు.

రవి 2016లో డ్యూక్ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ విభాగానికి డీన్ అయ్యారు. 2021లో ఎమరీలో, 2025లో ఒహాయో స్టేట్‌లో ప్రోవోస్ట్ బాధ్యతలు చేపట్టారు. పదవులు ఎన్ని మారినా ఆయన బృందం చూపిన సూత్రం మాత్రం ఒక్కటే. తెగిన నరానికైనా, తరలిపోయే కణితికైనా ముందు దాని నడక తెలుసుకోవాలి. ఆ తర్వాతే దారి వేయాలి!