విరిగిన బోల్టు – మేం నేర్చుకున్న పని

మా హాస్టల్లో ఐటీఐ మోటార్ మెకానిక్ ట్రేడు చదివేవాళ్ళం నలుగురం ఉన్నాం. వార్షికోత్సవ సంచికకు అందరూ కవితలు, సూక్తులు ఇస్తున్నారు. మాకు చేతనైంది పానా పట్టడమే కాబట్టి దాని గురించే రాస్తున్నాం.

మొన్న సెలవుల్లో ఒక అన్న మా దగ్గరకు వచ్చాడు. ఈ హాస్టల్లోనే చదివి, ఇప్పుడు పాత కారు కిరాయికి తిప్పుకుంటున్నాడు. ఇంజను ముందువైపు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చూస్తే వాటర్ పంపు సీలు పోయింది. ఇంజనుకూ రేడియేటర్‌కూ మధ్య నీళ్ళు తిప్పేది ఈ పంపే. అది పాడైతే ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ దాకా ఖర్చు పెరుగుతుంది. "రేపు పెళ్ళి కిరాయి ఉంది తమ్ముడూ, కొత్త పంపు తెచ్చాను, బిగించి పెట్టండి" అన్నాడు. పంపుకు అయిదు బోల్టులు. నాలుగు వచ్చాయి. అయిదోది కదల్లేదు. పానాకు పైపు తగిలించి లాగాం. టక్కుమని తల ఊడి వచ్చింది. అన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మా ఇన్‌స్ట్రక్టర్ సారుకు ఫోన్ చేస్తే ముందు కారణం చెప్పారు. బోల్టు ఉక్కు, అది దిగిన ఇంజను భాగం అల్యూమినియం. రెండు వేరు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం తినేసి తెల్లటి పొడి తయారవుతుంది. ఆ పొడి మరల్లో నిండి బోల్టును బిగించేస్తుంది. కూలెంట్ పోయకుండా ఉత్త నీళ్ళు పోసే బండ్లలో ఇది ఎక్కువ.

కదలని బోల్టు మీద బలం చూపకూడదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, తల మీద సుత్తితో చిన్నగా తట్టి, రాత్రంతా వదిలేయాలి. తర్వాత ముందు కాస్త బిగించి, ఆపైన వదులు చేయాలి. కదిలాక కూడా ముందుకూ వెనక్కూ తిప్పుతూనే తీయాలి. తల మూలలు అరిగిపోతే ఓపెన్ పానా అసలు వాడొద్దు. ఆరు పలకల బాక్సు పానా, కొంచెం చిన్న సైజుది, సుత్తితో కొట్టి ఎక్కిస్తే పట్టు దొరుకుతుంది.

తల ఊడితే అంతా అయిపోయిందనుకున్నాం గానీ, నిజానికి అది అంత నష్టం కాదు. తల లేదు కాబట్టి పంపు ఊడి వచ్చేసింది. బోల్టు కాడ అరంగుళం బయటికి నిలబడి ఉంది. రాత్రి స్ప్రే కొట్టి ఉంచి, పొద్దున దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని గ్యాస్ టార్చితో వేడి చేశాం. అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వదులవుతుంది. పెట్రోలు గొట్టాలు దగ్గర లేకుండా, స్ప్రే పూర్తిగా తుడిచాకే మంట పెట్టాలి. లాక్ ప్లయర్‌తో పట్టి తిప్పితే కిర్రుమంటూ కదిలింది. మాలో ఒకడు కేక పెట్టాడు!

కాడ లోపలికే విరిగితే పని కష్టం. సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, సన్నని బిట్‌తో రంధ్రం వేసి, ఎక్స్‌ట్రాక్టర్ దించి తిప్పాలి. అది గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్ దాన్ని కోయలేదు. అందుకని అనుమానం ఉంటే ఆగి లేత్ షాపు వాళ్ళను పిలవడమే నయం. వాళ్ళు కాడ మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పేస్తారు. మరలు పాడైతే హెలీకాయిల్ వేస్తారు.

బిగించేటప్పుడు మరలు శుభ్రం చేసి కొత్త బోల్టులు వేశాం. పొడుగూ పొట్టీ కలవకుండా, పంపు బొమ్మ గీసిన అట్టముక్కకు రంధ్రాలు పొడిచి ఏ బోల్టు ఎక్కడిదో ముందే గుచ్చి ఉంచాం. 6 మిల్లీమీటర్ల బోల్టుకు దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే చిన్న పానా, మణికట్టు బలం. పైపు అక్కర్లేదు.

సాయంత్రానికి కారు స్టార్టయింది. పెళ్ళి కిరాయి మాత్రం వేరే బండికి పోయింది. మూడు రోజుల తర్వాత అన్న ఫోన్ చేసి, బండి కింద చుక్క నీరు కూడా లేదని చెప్పాడు.