గొంతు నొప్పికి యాంటీబయాటిక్ అడుగుతున్నారా? ముందు స్ట్రిప్ మీద ఎర్ర గీత చూడండి

మీది శ్రీకూర్మం. రెండు రోజులుగా జలుబు, గొంతు నొప్పి. శ్రీకాకుళం వెళ్లి డాక్టర్‌కు చూపించుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే మందుల షాపుకెళ్లి ‘జొరానికి బిళ్లలివ్వండి బాబూ’ అంటారు. పారాసెటమాల్‌తో పాటు మూడు అజిత్రోమైసిన్ మాత్రలూ చేతికొస్తాయి. మూడో రోజుకు తగ్గిపోతుంది. మాత్రే తగ్గించిందని నమ్మకం కుదురుతుంది.

జలుబు, చాలావరకు గొంతు నొప్పులు వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. అది ఎలాగూ తగ్గేదే.

మరి ఆ మాత్రలు ఏం చేశాయి? మీ ఒంట్లోని బ్యాక్టీరియాలో మందుకు లొంగేవి చచ్చిపోయాయి, తట్టుకున్నవి మిగిలి పెరిగాయి. అవి ఇంట్లోవాళ్లకూ చేరతాయి. రేపు నిజంగా న్యుమోనియా వస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ఇలా మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

చట్టం ఏమంటోంది?

అజిత్రోమైసిన్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి ఇంకా కఠినమైన షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. ఇది 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. వీటిని అమ్మితే మీ పేరు, చీటీ రాసిన డాక్టర్ పేరు, చిరునామా, ఎన్ని మాత్రలిచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. మీ పేరు అలా రాసుకోవడం ఎప్పుడైనా చూశారా? చదువు రానివాళ్లూ గుర్తుపట్టేలా యాంటీబయాటిక్ స్ట్రిప్‌పై నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. దీనిపై కేంద్రం 2016లో ప్రచారం మొదలుపెట్టింది.

లెవోఫ్లాక్సాసిన్‌తో మరో చిక్కుంది. ఇది క్షయ బ్యాక్టీరియాపైనా కొంత పనిచేస్తుంది. దగ్గుకని వాడితే నాలుగు రోజులు నయమైనట్టే ఉంటుంది. అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. ఇక ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మన జిల్లాలో తెలియనిదెవరికి? కిడ్నీ దెబ్బతిన్నవారికి చాలా యాంటీబయాటిక్‌ల మోతాదు తగ్గించి ఇవ్వాలి. అది కౌంటర్ దగ్గర తేలే లెక్క కాదు.

అలాగని జబ్బును ఓర్చుకోమని కాదు. గ్రామ ఆరోగ్య క్లినిక్‌లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితమే. డాక్టర్ మాత్రలు రాస్తే ‘ఇది యాంటీబయాటికా? ఎన్ని రోజులు వాడాలి?’ అని అడగండి. చెప్పినన్ని రోజులూ వాడండి. పాత చీటీతో మళ్లీ కొనొద్దు, మిగిలినవి పక్కింటివారికి ఇవ్వొద్దు. ఆయాసం వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి. దానికి రూపాయి కూడా అడగరు.