స్కాన్ కెమెరాకు సీసపు పలక ఎందుకు?

డాక్టరుగారు బోన్ స్కాన్ గాని, థైరాయిడ్ స్కాన్ గాని రాయగానే రోగి ఇంటివారు మమ్మల్ని సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండు. "సిస్టరమ్మా, రేడియేషన్ మందు ఎక్కిస్తే ప్రమాదం కాదా? ఎక్స్‌రే ఒక్క నిమిషంలో అయిపోతుంది గదా, దీనికి అంతసేపు కదలకుండా ఎందుకు పడుకోవాలి?" రెండో ప్రశ్నకు జవాబు కెమెరాకు బిగించిన కొలిమేటర్ అనే సీసపు పలకలో ఉంది.

ఎక్స్‌రేలో కిరణం బయటినుంచి వస్తుంది. ఈ స్కాన్‌లో శరీరం లోపలినుంచే వస్తుంది. నరానికి ఎక్కించే మందులో టెక్నీషియం-99ఎం ఉంటుంది. దానినుంచి గామా కిరణాలు అన్ని దిక్కులకూ పోతాయి. ఫోటో కెమెరా అద్దం వెలుగును కూర్చినట్లు వీటిని కూర్చలేదు. అందుకే వేల సన్నని రంధ్రాలున్న సీసపు పలక పెడతారు. తిన్నగా వచ్చిన కిరణం రంధ్రంలోంచి దాటుతుంది, ఏటవాలుగా వచ్చినది సీసంలో ఆగిపోతుంది. ఇంచుమించు పదివేల కిరణాలలో ఒక్కటి దాటుతుంది. బొమ్మ తయారు కావడానికి అందుకే సమయం పడుతుంది.

కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. గుహ పొడవు 3,229 మీటర్లు. పైనంతా ఎండ కాస్తున్నా, బావిలాంటి ద్వారం ఉన్నచోటే వెలుగు లోపలికి దిగుతుంది. మిగతా వెలుగును రాయి ఆపేస్తుంది. సీసం చేసే పని కూడా ఇదే.

మరి రంధ్రం ఎంత ఉండాలి? చిట్టెలుకల మీద కొత్త మందులు పరీక్షించే శాస్త్రజ్ఞులకు ఇది పెద్ద ప్రశ్న. చిట్టెలుక బరువు సుమారు 25 గ్రాములు. మనుషుల కెమెరా సుమారు ఒక సెంటీమీటరు తేడానే పట్టగలదు, ఎలుక గుండె అంతకన్నా చిన్నది. అందుకే ఒకే సన్నని రంధ్రమున్న పిన్‌హోల్ కొలిమేటర్ వాడతారు. ఎలుకను రంధ్రానికి దగ్గరగా ఉంచితే బొమ్మ పెద్దదై పడుతుంది. ఏ నమూనా మంచిదో తేల్చడానికి, సన్నని గొట్టాలలో మందు నింపి, ఎంత సన్నని గొట్టం విడిగా కనిపించింది, ఎన్ని కిరణాలు దాటాయి అని చూస్తారు. రంధ్రం చిన్నదైతే బొమ్మ స్పష్టం, కిరణాలు తక్కువ. పెద్దదైతే కిరణాలు ఎక్కువ, బొమ్మ మసక. రంధ్రాలు పెంచితే బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడవచ్చు. అన్నింటికీ సరిపోయే నమూనా లేదు.

మనుషులకూ అంతే. చిన్నదైన థైరాయిడ్ గ్రంథికి పిన్‌హోల్, ఒళ్లంతా చూసే బోన్ స్కాన్‌కు వేల రంధ్రాల పలక వాడతారు. పలక దూరమైతే బొమ్మ మసకబారుతుంది, కాబట్టి కెమెరా మీదికి వచ్చినా భయపడవద్దు.

ఇక మొదటి ప్రశ్న. మందు మోతాదు తక్కువ. టెక్నీషియం శక్తి 6 గంటలకు సగమవుతుంది, 24 గంటలకు పదహారో వంతు మిగులుతుంది. భయంతో స్కాన్ వాయిదా వేస్తే జబ్బు ముదరవచ్చు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి:

• గర్భవతి అయినా, పాలిచ్చే తల్లి అయినా ముందే చెప్పండి.

• బోన్ స్కాన్‌కు ఇంజక్షన్ తరువాత రెండు మూడు గంటలు ఆగాలి. డాక్టరుగారు వద్దనకపోతే నీళ్లు బాగా తాగించండి, మూత్రానికి పంపండి.

• నొప్పి ఉన్నవారు కదలకుండా పడుకోలేరు. ఆ సంగతి ముందే చెబితే తగిన ఏర్పాటు చేస్తారు.

• ఆ రోజు పసిపిల్లలను, గర్భవతులను రోగికి కొంచెం ఎడంగా ఉంచండి.