ద్వంద్వ పౌరసత్వం – పాస్‌పోర్టు ఎంపిక: అంతర్జాతీయ నియమాలు, భారతీయ చట్టం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

రెండు దేశాల పౌరసత్వం గల వ్యక్తి అంతర్జాతీయ ప్రయాణంలో ఏ పాస్‌పోర్టు చూపాలనేది పైకి సౌకర్యానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. నిజానికి అది ఆ వ్యక్తి ఏ రాజ్యం ముందు ఏ హోదాలో నిలుస్తున్నాడో తేల్చే న్యాయపరమైన ప్రశ్న. 1930 నాటి హేగ్ ఒప్పందం, కొన్ని దేశాల ప్రవేశ నిబంధనలు, దౌత్య రక్షణ పరిమితులు ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నకు గల సాధారణ సమాధానాన్ని వివరిస్తుంది. ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించని భారతీయ చట్టం ముందు ఆ సమాధానం ఎందుకు చెల్లదో, ప్రవాస తెలుగు కుటుంబాలపై, ముఖ్యంగా విదేశాల్లో పుట్టిన పిల్లలపై దాని ప్రభావం ఏమిటో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ద్వంద్వ పౌరసత్వం, పాస్‌పోర్టు, హేగ్ ఒప్పందం, దౌత్య రక్షణ, పౌరసత్వ చట్టం 1955, ఓ.సి.ఐ., ప్రవాస తెలుగువారు.

1. ప్రవేశిక:

పౌరసత్వం, పాస్‌పోర్టు ఒకటి కావు. పౌరసత్వం వ్యక్తికీ రాజ్యానికీ మధ్య ఉండే న్యాయసంబంధం. పాస్‌పోర్టు ఆ సంబంధానికి రాజ్యం ఇచ్చే లిఖితపూర్వకమైన సాక్ష్యం. సంబంధం ఒక్కటే ఉన్నప్పుడు సాక్ష్యం గురించి సందేహం రాదు. రెండు రాజ్యాలతో సంబంధం ఉన్నప్పుడు మాత్రం, సరిహద్దు దాటిన ప్రతిసారీ ఏ సాక్ష్యాన్ని ముందుకు తేవాలనే ప్రశ్న ఎదురవుతుంది. ఉన్నత విద్య, ఉద్యోగాల నిమిత్తం అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలకు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒకే ఇంట్లో రెండు మూడు రకాల పాస్‌పోర్టులు ఉండటం నేడు సాధారణమైంది. కనుక ఈ అంశాన్ని న్యాయదృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. హేగ్ ఒప్పందం – మూడు సూత్రాలు:

జాతీయతా చట్టాల సంఘర్షణకు సంబంధించి 1930 ఏప్రిల్ 12న హేగ్‌లో కుదిరిన ఒప్పందం ఈ చర్చకు పునాది. అందులోని మూడు అధికరణాలు ఇక్కడ ముఖ్యమైనవి. మూడో అధికరణం ప్రకారం, రెండు జాతీయతలున్న వ్యక్తిని ఆ రెండు రాజ్యాల్లో ప్రతి ఒక్కటీ తన పౌరుడిగానే పరిగణించవచ్చు. నాలుగో అధికరణం ప్రకారం, ఒక రాజ్యం తన పౌరుడి పక్షాన, అతడు పౌరుడిగా ఉన్న రెండో రాజ్యానికి వ్యతిరేకంగా దౌత్య రక్షణ కల్పించజాలదు. ఐదో అధికరణం ప్రకారం, మూడో రాజ్యం అతడిని ఒకే జాతీయత గల వ్యక్తిగా చూస్తుంది. అతడు సాధారణంగా నివసించే దేశపు జాతీయతనో, వాస్తవంలో అతడికి ఎక్కువ సన్నిహితంగా ఉన్న దేశపు జాతీయతనో అది గుర్తిస్తుంది.

నాలుగో అధికరణంలోని కాఠిన్యం కాలక్రమంలో కొంత సడలింది. 1955లో ఇటలీ–అమెరికా సంధాన సంఘం మెర్జే వ్యవహారంలో, రెండు జాతీయతల్లో ప్రబలమైనది, వాస్తవ జీవితంతో ముడిపడినది ఏదో చూడాలనే సూత్రాన్ని నిలబెట్టింది. అయితే సంధాన సంఘం ముందు పనికివచ్చే ఈ వాదన విమానాశ్రయంలోని తనిఖీ అధికారి ముందు పనికిరాదు. అక్కడ ఇప్పటికీ మూడో అధికరణపు తర్కమే నడుస్తుంది. ఏ రాజ్యపు గుమ్మంలో నిలబడితే ఆ రాజ్యానికి అతడు కేవలం తన పౌరుడు.

3. ప్రవేశ నిబంధనలు:

పై తర్కం నుంచే మొదటి నియమం పుడుతుంది. పౌరుడిగా ఉన్న దేశంలోకి ఆ దేశపు పాస్‌పోర్టుతోనే ప్రవేశించాలి, దానితోనే నిష్క్రమించాలి. కొన్ని దేశాల్లో ఇది చట్టం, కొన్నిచోట్ల ఆచరణ. అమెరికా వలస, జాతీయతా చట్టంలోని 215(బి) సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులతో, అమెరికా పౌరులు ఆ దేశపు పాస్‌పోర్టుతోనే రాకపోకలు సాగించాలి. ఆస్ట్రేలియా కూడా తన పౌరులకు ఇదే సూచన చేస్తుంది. కెనడా 2016 నవంబరు నుంచి, విమానంలో వచ్చే తన ద్వంద్వ పౌరులు కెనడా పాస్‌పోర్టు చూపాలని పట్టుబడుతున్నది. చెల్లుబాటయ్యే అమెరికా పాస్‌పోర్టు గల అమెరికా–కెనడా పౌరులకు మాత్రమే ఇందులో మినహాయింపు ఉంది. బ్రిటన్ 2026 ఫిబ్రవరి నుంచి ఇదే బాట పట్టింది. అక్కడి ద్వంద్వ పౌరులు బ్రిటిష్ పాస్‌పోర్టు గానీ, నివాస హక్కును ధ్రువీకరించే పత్రం గానీ చూపాలి. ఐరిష్ పాస్‌పోర్టు గలవారికి ఈ ఇబ్బంది లేదు.

ఇటీవలి కాలంలో ఈ నియమం బిగుసుకోవడానికి కారణం ఎలక్ట్రానిక్ ముందస్తు అనుమతుల విధానం. వీసా అవసరం లేని విదేశీయులు కూడా ప్రయాణానికి ముందే ఇంటర్నెట్ ద్వారా అనుమతి పొందాలని అమెరికా, కెనడా, బ్రిటన్ కోరుతున్నాయి. ఆ అనుమతి విదేశీయులకు ఉద్దేశించినది. స్వదేశీ పౌరుడికి అది వర్తించదు. పూర్వం రెండో పాస్‌పోర్టుతో వచ్చిన పౌరుడు గుమ్మం వద్ద అధికారికి వివరణ ఇచ్చి లోపలికి వెళ్లగలిగేవాడు. ఇప్పుడు అనుమతి లేని కారణంగా విమాన సంస్థ అతడిని బయలుదేరే చోటనే ఆపివేస్తుంది. అంటే సరిహద్దు తనిఖీ గమ్యస్థానం నుంచి ప్రయాణం మొదలయ్యే విమానాశ్రయానికి జరిగింది.

4. ప్రయాణ క్రమం:

విమాన సంస్థ పాస్‌పోర్టు అడగడానికీ, వలస అధికారి అడగడానికీ ప్రయోజనాలు వేరు. గమ్యదేశం ప్రయాణికుడిని రానిస్తుందా లేదా అన్నదే విమాన సంస్థకు ముఖ్యం. ప్రవేశార్హత లేని వ్యక్తిని తీసుకువెళితే జరిమానా, తిరిగి తెచ్చే ఖర్చు దానిపైనే పడతాయి. అమెరికా, బ్రిటన్ పౌరసత్వాలు గల వ్యక్తి న్యూయార్క్ నుంచి లండన్‌కు వెళ్లేటప్పుడు విమాన సంస్థకు బ్రిటిష్ పాస్‌పోర్టు చూపడం ఇందుకే. అమెరికా నుంచి నిష్క్రమిస్తున్నందున అమెరికా పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. తిరుగు ప్రయాణంలో ఈ క్రమం తారుమారవుతుంది. అడిగినప్పుడు రెండింటినీ చూపడంలో తప్పు లేదు. రెండోదాన్ని దాచడమే అనుమానానికి దారితీస్తుంది.

మూడో దేశానికి వెళ్లేటప్పుడు ఎంపికకు కొంత స్వేచ్ఛ ఉంది. వీసా అవసరం లేనిదో, బస కాలం ఎక్కువగా ఇచ్చేదో ఎంచుకోవచ్చు. అయితే ఏ పాస్‌పోర్టుతో ప్రవేశిస్తే దానితోనే నిష్క్రమించాలి. షెంగెన్ దేశాలు 2025 అక్టోబరులో ప్రారంభించిన ప్రవేశ–నిష్క్రమణ నమోదు వ్యవస్థ విదేశీ ప్రయాణికుల వేలిముద్రలను, ముఖచిత్రాన్ని పాస్‌పోర్టు వివరాలతో కలిపి భద్రపరుస్తుంది. ఒకదానితో ప్రవేశించి మరొకదానితో వెళితే మొదటి నమోదు ముగియకుండా మిగిలిపోయి, ఆ వ్యక్తి గడువు దాటి అక్కడే ఉన్నట్లు లెక్కలోకి రావచ్చు. వీసా గల దేశాల విషయంలో, వీసా ఏ పాస్‌పోర్టు సంఖ్యపై జారీ అయిందో దానినే చూపాలి.

తెలుగువారి విషయంలో పేరు మరొక చిక్కు. ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత రాసే తెలుగు సంప్రదాయానికీ, ఇంటిపేరును చివర ఉంచే పాశ్చాత్య పద్ధతికీ మధ్య పాస్‌పోర్టుల్లో పేర్లు తారుమారవుతుంటాయి. పొడి అక్షరాలు ఒకదానిలో విస్తరించి, మరొకదానిలో లేకపోవడం కూడా కద్దు. టికెట్టులోని పేరు, చూపే పాస్‌పోర్టులోని పేరు ఒకటిగా ఉండాలి. రెండు పాస్‌పోర్టుల్లో పేర్లు వేరైనప్పుడు పేరు మార్పును తెలిపే పత్రం వెంట ఉంచుకోవడం అవసరం.

5. రక్షణకు గల పరిమితి:

ఏ పాస్‌పోర్టు చూపినా, పౌరసత్వం గల దేశంలో చిక్కుకున్న వ్యక్తికి రెండో దేశపు రక్షణ బలహీనపడుతుంది. ఇరాన్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ దేశం తన పౌరుల రెండో జాతీయతను గుర్తించదు. ఇరాన్, బ్రిటన్ పౌరసత్వాలు గల నజానిన్ జఘారీ–రాట్‌క్లిఫ్ 2016 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లో నిర్బంధానికి గురైనప్పుడు ఆమెను ఇరాన్ తన పౌరురాలిగానే పరిగణించింది. బ్రిటన్ 2019 మార్చిలో ఆమెకు దౌత్య రక్షణ కల్పిస్తున్నట్లు ప్రకటించి, ఆ వివాదాన్ని రెండు రాజ్యాల మధ్య వివాదంగా మార్చింది. అయినా ఆమె 2022 మార్చిలో గానీ స్వదేశం చేరలేదు. 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం విదేశీ నిర్బంధితులకు తమ దేశపు కాన్సులర్ అధికారులను కలిసే హక్కు ఇస్తుంది. నిర్బంధించిన రాజ్యం ఆ వ్యక్తిని విదేశీయుడిగా అంగీకరించకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

6. భారతీయ చట్టం – పాస్‌పోర్టే సాక్ష్యం:

ఇంతవరకు చెప్పిన నియమాలు రెండు పాస్‌పోర్టులనూ చట్టబద్ధంగా కలిగి ఉన్నవారికి వర్తిస్తాయి. భారతీయ పౌరసత్వ చట్టం 1955లోని 9(1) సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం పొందిన వ్యక్తి భారత పౌరుడిగా కొనసాగడు. ఇందుకు అతడు ప్రత్యేకంగా పౌరసత్వాన్ని వదులుకోనక్కరలేదు. అంతేకాదు, ఒక వ్యక్తి విదేశీ పాస్‌పోర్టు పొందడమే అతడు ఆ దేశపు పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించాడనడానికి నిర్ణయాత్మక సాక్ష్యమని పౌరసత్వ నియమావళిలోని మూడో షెడ్యూలు చెబుతుంది. ఇతర దేశాల్లో పాస్‌పోర్టు పౌరసత్వానికి సాక్ష్యం మాత్రమే. భారతదేశంలో విదేశీ పాస్‌పోర్టు, ఉన్న పౌరసత్వం పోయిందనడానికి సాక్ష్యం కూడా.

ఈ నియమానికి రూపురేఖలు ఏర్పడిన తీర్పుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వ్యాజ్యాలు ఉండటం గమనార్హం. విభజన అనంతర కాలంలో పాకిస్తాన్ వెళ్లి, ఆ దేశపు పాస్‌పోర్టుతో తిరిగివచ్చినవారి హోదా ఏమిటన్నది నాటి ప్రశ్న. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ అబ్దుల్ ఖాదర్ కేసులో (1961) విదేశీ పౌరసత్వం పొందారా లేదా అన్నది 9(2) సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వమే తేల్చాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇజ్హార్ అహ్మద్ ఖాన్ కేసులో (1962) మెజారిటీ న్యాయమూర్తులు పాస్‌పోర్టుకు సంబంధించిన సాక్ష్య నియమాన్ని సమర్థించారు. అదే సంవత్సరం గవర్నమెంట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ సయ్యద్ మహమ్మద్ ఖాన్ కేసులో, కేంద్రం నిర్ణయం వెలువడకుండా రాష్ట్ర ప్రభుత్వం ఆ వ్యక్తులను విదేశీయులుగా బహిష్కరించరాదని కోర్టు వివరించింది. 1965లో మహమ్మద్ అయూబ్ ఖాన్ కేసులో, పాస్‌పోర్టు పొందడం స్వచ్ఛందం కాదని చెప్పుకొనే అవకాశం వ్యక్తికి ఇవ్వాలని తేల్చింది. సాక్ష్యం కఠినమైనదే అయినా విచారణ తప్పదన్నది ఈ తీర్పుల సారాంశం.

ఆచరణలో దీని అర్థం స్పష్టం. విదేశీ పౌరసత్వం పొందిన తరువాత చేతిలో మిగిలిన భారతీయ పాస్‌పోర్టు, గడువు తీరకపోయినా, ప్రయాణానికి పనికిరాదు. దానిని భారతీయ కాన్సులేట్‌లో అప్పగించి ధ్రువపత్రం పొందాలి. ఆ తరువాత కూడా దానిపై ప్రయాణిస్తే జరిమానా రుసుములు చెల్లించవలసి వస్తుంది. జాతీయతను దాచి కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయడం మరింత తీవ్రమైన నేరం. పాస్‌పోర్టు చట్టం 1967లోని 12(1ఎ) సెక్షన్ అందుకు 1 నుంచి 5 సంవత్సరాల జైలు, రూ.10,000 నుంచి రూ.50,000 వరకు జరిమానా నిర్దేశిస్తుంది. బ్రిటన్–కెనడా పౌరుడికి ఏ పాస్‌పోర్టు అన్నది ఎంపిక. భారత మూలాలు గల అమెరికా పౌరుడికి అది ఎంపిక కాదు.

7. ఓ.సి.ఐ. – పేరులో ఉన్నది, హోదాలో లేనిది:

‘ఓవర్సీస్ సిటిజెన్ ఆఫ్ ఇండియా’ అనే పేరులోని ‘సిటిజెన్’ అన్న మాట ఎందరినో తప్పుదారి పట్టించింది. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ వేదికపై ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని ప్రారంభించారు. నాటి నుంచి దీనిని ‘ద్వంద్వ పౌరసత్వం’గా వ్యవహరించడం వాడుకలోకి వచ్చింది. న్యాయపరంగా అది సరికాదు. ఓ.సి.ఐ. పొందిన వ్యక్తి విదేశీయుడే. అతడికి ఓటు హక్కు లేదు, రాజ్యాంగ పదవులు లేవు, వ్యవసాయ భూమి కొనుగోలు చేసే హక్కు లేదు. జీవితకాలం ఎన్నిసార్లయినా రావడానికి అనుమతి, మరికొన్ని సౌకర్యాలు మాత్రమే ఉన్నాయి. ఓ.సి.ఐ. కార్డు పాస్‌పోర్టు కాదు కనుక విదేశీ పాస్‌పోర్టుతో కలిపి మాత్రమే దానిని చూపాలి. పాత పాస్‌పోర్టు కూడా వెంట తేవాలనే నిబంధనను ప్రభుత్వం 2021లో తొలగించింది.

8. పిల్లల విషయం – చట్టంలోని సన్నని సందు:

ద్వంద్వ పౌరసత్వాన్ని భారతదేశం పూర్తిగా నిరాకరిస్తుందన్న మాటకు ఒక మినహాయింపు పౌరసత్వ చట్టంలోనే ఉంది. అమెరికా రాజ్యాంగపు 14వ సవరణ (1868), 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు అనుసరించి ఆ దేశంలో పుట్టిన శిశువులకు జన్మతః అమెరికా పౌరసత్వం లభిస్తూ వచ్చింది. అక్కడ తాత్కాలిక వీసాపై ఉన్న భారతీయ దంపతుల శిశువును, 4(1) సెక్షన్ ప్రకారం ఏడాదిలోగా భారతీయ కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే, వంశానుగతంగా భారత పౌరసత్వమూ వస్తుంది. 4(1ఎ) ఉపసెక్షన్ ఈ రెండు పౌరసత్వాల స్థితిని ఊహించే రాసినది. మేజరు అయిన 6 నెలల్లోగా విదేశీ పౌరసత్వాన్ని వదులుకోకపోతే భారత పౌరసత్వం పోతుందని అది చెబుతుంది. అంటే బాల్యం వరకు రెండు పౌరసత్వాలు ఉండగలవు.

అయితే ఆ నమోదుకు ఒక షరతు ఉంది. బిడ్డకు మరే దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా ప్రకటించాలి. మరోవైపు అమెరికా చట్టం, తన పౌరుడైన ఆ శిశువు అమెరికా పాస్‌పోర్టుతోనే రాకపోకలు సాగించాలంటుంది. పౌరసత్వంగా సాధ్యమైనది పాస్‌పోర్టు వద్దకు వచ్చేసరికి అసాధ్యమవుతుంది. శిశువు తాతయ్య, అమ్మమ్మలను చూడటానికి తొలిసారి విమానం ఎక్కే నాటికే తల్లిదండ్రులు ఒక పౌరసత్వాన్ని ఎంచుకోవలసి వస్తున్నది. అందువల్లనే ఎక్కువ కుటుంబాలు అమెరికా పాస్‌పోర్టు, ఓ.సి.ఐ. కార్డు అనే మార్గం వైపు మొగ్గుతాయి. చట్టం బిడ్డ మేజరు అయ్యాక తీసుకోమన్న నిర్ణయం, వాస్తవంలో బిడ్డకు మాటలు రాకముందే తల్లిదండ్రుల చేత జరిగిపోతున్నది.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. పౌరసత్వం గల ప్రతి దేశంలోనూ ఆ దేశపు పాస్‌పోర్టుతోనే రాకపోకలు సాగించాలి. మూడో దేశంలో ఒక్కదానినే మొదటి నుంచి చివరి వరకు వాడాలి. విమాన సంస్థకు గమ్యదేశ ప్రవేశార్హతను నిరూపించే పాస్‌పోర్టు చూపాలి. విదేశీ పౌరసత్వం పొందిన భారత మూలాల వ్యక్తికి భారతదేశ ప్రయాణంలో విదేశీ పాస్‌పోర్టు, దానికి తోడు ఓ.సి.ఐ. కార్డు లేదా వీసా తప్ప మరో దారి లేదు. 4(1ఎ) ఉపసెక్షన్ బాల్యానికి ఇచ్చిన అవకాశాన్ని, 4(1) సెక్షన్‌లోని పాస్‌పోర్టు షరతు ఆచరణలో హరిస్తున్నది. ఈ రెండు నిబంధనల మధ్య వైరుధ్యం ప్రవాస కుటుంబాల అధ్యయనాల్లోనూ, పౌరసత్వ చట్ట పరిశోధనల్లోనూ మరింత లోతైన చర్చకు అర్హమైనది.