హైలీ సెన్సిటివ్ పర్సన్

పెళ్లిలో డీజే మోత, ఎదుటివారి గొంతులో చిన్న విసుగు... కొందరిని మిగతావారి కంటే లోతుగా తాకుతాయి. అలాంటివారిని అమెరికన్ మనస్తత్వవేత్త ఎలేన్ ఆరాన్ ‘హైలీ సెన్సిటివ్ పర్సన్’ (అతి సున్నిత వ్యక్తి) అన్నారు. 1996లో వచ్చిన ఆమె పుస్తకంతో ఈ మాట జనంలోకి వెళ్లింది. మరుసటి ఏడాది భర్త ఆర్థర్ ఆరాన్‌తో కలిసి ఈ స్వభావాన్ని కొలిచే 27 అంశాల కొలమానాన్ని ప్రచురించారు. జనాభాలో 15 నుంచి 20 శాతం మందిది ఈ స్వభావమేనని ఆమె అంచనా.

ఇది జబ్బు కాదు. సిగ్గరితనమూ కాదు, వీరిలో దాదాపు 30 శాతం మంది నలుగురిలో ఇట్టే కలిసిపోయేవారేనని ఆరాన్ చెబుతారు.

అమెరికా, ఐరోపాల్లో ఇలాంటివారు కలుసుకునే శిబిరాలు, బృందాలు ఉన్నాయి. ‘నాకే ఇలా ఎందుకు?’ అన్న బెంగ తీరడమే అక్కడ దొరికే పెద్ద సాయం. మన ఇళ్లలో మాత్రం ‘ఇంత సుకుమారమైతే ఎలా బతుకుతావ్?’ అనే మాటే ముందొస్తుంది. ఆ మాటకు పిల్లలు మరింత ముడుచుకుపోతారు. దయచేసి అనకండి. గోల నుంచి కాసేపు పక్కకు వెళ్తామంటే వెళ్లనివ్వండి.

ఈ సున్నితత్వానికి దిగులు, నిద్రలేమి తోడైతే ప్రభుత్వ ఉచిత సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.